ఏడో నంబరు గుర్రం

అమ్మ గాజులు అమ్మిన డబ్బుతో అన్న గుర్రప్పందేల మైదానంలో పందెం కట్టే కిటికీ చేరేసరికి, చెల్లెలు పరుగున వచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది.

"వదలవే! ఏడో నంబరు గుర్రానికి ఈసారి మోయాల్సిన బరువు తగ్గించారు. కిందటిసారి బురదలో ఓడిందని జనం దాన్ని పట్టించుకోవట్లేదు. అందుకే గెలిస్తే ఒకటికి పది ఇస్తున్నారు."

"తప్పకుండా గెలుస్తుందా?"

"నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది. ఆ ధరకి అది చాలు. వదులుకున్నవాడు వెర్రివాడు."

"అమ్మ ఆపరేషన్‌కీ డాక్టరు నాలుగింట ఒక వంతే అవకాశం అన్నాడు, అన్నయ్యా. నువ్వు దండగన్నావు."

ఇరవై ఏళ్లుగా గుర్రాలను బేరీజు వేసిన అతనికి, అమ్మ బతికితే ఒకటికి ఎంత వచ్చినట్టో తాను ఎన్నడూ లెక్కకట్టలేదని అప్పుడు తట్టింది.

"ఎంత కడతారు?" కిటికీలోంచి గుమస్తా విసుక్కున్నాడు.

అన్న వెనక్కి తిరిగాడు. "ఆసుపత్రిలో డబ్బు కట్టే కౌంటరు ఎన్నింటికి మూస్తారే?"