ఎండలో టీ పొడి

భార్య మహిమ పిసినారితనం మీద జోసఫ్ ఆమెకు తెలియకుండా వారం వారం ఫోన్‌లో బొమ్మల కథలు పెడతాడు. నూనె ప్యాకెట్టు కోసి వేలితో తుడవటం, అరిగిన సబ్బులన్నీ కలిపి ముద్ద చేయటం... జనం పడీపడీ నవ్వుతారు.

ఈ వారం ఏమీ తోచలేదు. "ఇక మానేస్తాన్రా" అని స్నేహితుడికి ఫోన్‌లో చెప్పాడు.

తెల్లారి డాబా ఎక్కితే, మిరపకాయలు ఎండే పట్టా మీదే ఓ మూల మహిమ వాడేసిన టీ పొడి ఆరబోస్తోంది!

"మళ్లీ కాచుకోవచ్చుగా" అంది.

జోసఫ్ నవ్వాపుకుంటూ బొమ్మ గీయటానికి కిందికి పరుగెత్తాడు.

వెనకనుంచి కేక వినిపించింది.

"ఏవండోయ్! ఈసారన్నా నాకు ఎర్రచీర వెయ్యండి, నీలం నప్పట్లేదు. తొందరగా గీస్తే ఈ చెత్త పారబోస్తా. మొన్న ఆ ముద్ద కోసం కొత్త సబ్బులు అరగదీశా. మీ పొదుపు కథలకి ఇల్లు గుల్లవుతోంది!"