నీలం దారం

బావ డైనింగ్ టేబుల్ మీద మ్యాపు పరిచి, అంచులు లేవకుండా నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టాడు. నెల రోజులుగా ఆ టేబుల్ మీద ఎవరూ అన్నం తినలేదు.

“ఇదిగో మరదలా, కారు ఇక్కడిదాకా. ఇక్కణ్ణించి పడవ. రోడ్డు లేదు, ఊరు లేదు. సరస్సు దాటితే సరస్సు. మధ్యలో నేల అడ్డమొస్తే పడవని నెత్తిన పెట్టుకుని నడవడమే. రాత్రికి ఒడ్డున గుడారం.”

“అటు ఎవరైనా వస్తుంటారా బావా?”

“ఈ చలిలో ఎవడొస్తాడు? ఫోన్లు కూడా పలకవు. గొంతు చించుకుని అరిచినా వినే నాథుడుండడు.” జోకు వేసినట్టు పెద్దగా నవ్వాడు.

చెల్లెలికి నవ్వు రాలేదు. వాళ్ళు తిరిగొచ్చేదాకా ఇల్లు కనిపెట్టుకుని ఉండడానికి ఆ పొద్దున్నే వచ్చింది. అక్కకి ఈత రాదు. పైగా, పెళ్ళయినప్పట్నించీ అక్క చేతుల మీద కమిలిన మచ్చలు చూస్తూనే ఉంది. అడిగితే తలుపు తగిలిందంటుంది. ఏ ఇంట్లోనూ తలుపులు మనిషి మీద ఇంత పగబట్టవు.

అక్క రెండు కాఫీలు తెచ్చింది. బావ కప్పులో మూడు చెంచాల పంచదార. కాస్త తగ్గితే కప్పు గోడకి విసిరికొట్టే రకం. తన కప్పులో అక్క చిటికెడు కూడా వేసుకోదు. “నీ కాఫీకి కాపలా అక్కర్లేదక్కా, దొంగ కూడా తాగడు” అని చెల్లెలు చిన్నప్పట్నించీ ఏడిపించేది. ఇవాళ ఆ మాట నోటిదాకా రాలేదు.

“ఇన్ని చోట్లుండగా అక్కడికే ఎందుకక్కా?”

“మీ బావకి జనం పడరు కదే. ఎవరూ లేని చోటైతే ప్రశాంతంగా ఉంటుంది.” అక్క మ్యాపు మీదికి వంగింది. “ఏవండీ, ఈ మూడో సరస్సు లోతెంత ఉంటుందట?”

“నీలాంటిది పడితే అడుగు తగలదు.”

అక్క కప్పులు అక్కడే వదిలి ఖాళీ ట్రే తీసుకుంది. భయపడిందనుకుంది చెల్లెలు.

“పడవలో ముందు సీటు నాది,” అన్నాడు బావ. డ్రైవింగ్ స్కూలు నడిపే మనిషి. బండి ఏదైనా తనే ముందుండాలి. “పడవని తిప్పేది వెనక కూర్చున్నవాళ్ళేనట, ముందువాడు వెనక్కి తిరిగి చూస్తే ఒరిగిపోతుందట. ఆ పడవల షాపువాడు నాకే పాఠాలు చెప్తాడు! నోర్మూసుకోమన్నాను. మీ అక్కే వెనక కూర్చుంటుంది.”

“మీ ఇష్టమండీ,” అంది అక్క.

గది మూలన తిండి పొట్లాలు కుప్పగా ఉన్నాయి. “ఎర్ర దారం కట్టినవి వెళ్ళేటప్పటికి, నీలం దారం కట్టినవి వచ్చేటప్పటికి. ప్లానంటే అదీ!” అని మురిసిపోయాడు బావ. దారాలు అక్క కుట్టుమిషను డబ్బాలోవే.

బావ పడవని కారు మీద కట్టడానికి బయటికి వెళ్ళాడు. చెల్లెలు పొట్లాలు సంచిలో సర్దడానికి కూర్చుంది. ఎర్రవి బరువుగా ఉన్నాయి. నీలంవి అరచేతిలో తేలిపోయాయి.

అనుమానమొచ్చి ఒక ఎర్రది విప్పింది. ఇద్దరికి సరిపడా బియ్యం, పప్పు. కాఫీ పొడి, పంచదార. నీలంది విప్పింది. గుప్పెడు బియ్యం, కాస్త పప్పు, ఒక్క కప్పుకి కాఫీ పొడి. ఇంకోటి విప్పింది. అదీ అంతే. వరసగా అన్నీ విప్పింది. అన్నీ ఒక్కరికే.

గబగబా దారాలు మళ్ళీ కట్టి, అక్కని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

“నువ్వు వెళ్ళొద్దక్కా! వచ్చేటప్పటి తిండి ఒక్కరికే ఉంది. బావ నిన్ను తిరిగి తీసుకురాడు!”

అక్క వాకిలి వైపు ఓసారి చూసింది.

“విప్పినవి మళ్ళీ కట్టేశావా?”

“కట్టాను. నేనేమంటున్నానో నీకు అర్థమవుతోందా?”

“అవుతోందే పిచ్చిదానా. చేపలు పడదామనుకుంటున్నాం, అందుకే తగ్గించారేమో. ప్లానంతా ఆయనదేగా.” చెల్లెలి కళ్ళు తుడిచింది. “నేను తిరిగొస్తాను. నీ మీద ఒట్టు.”

బయట హారన్ ఆగకుండా మోగింది. అక్క పరుగెత్తింది.

కారు మీద పడవ బోర్లా పడుకుని ఉంది. అక్క కిటికీలోంచి చెయ్యి ఊపింది. “మొక్కలకి నీళ్ళు పొయ్యడం మర్చిపోకు!” కారు మలుపు తిరిగింది.

చెల్లెలు లోపలికొచ్చి టేబుల్ ముందు కూలబడింది. ఒట్లతో ప్రాణాలు నిలుస్తాయా? ఊరుకుంటే అక్క దక్కదు. ఫారెస్టు ఆఫీసుకి ఫోన్ చేసింది.

“సార్, మావాళ్ళు పడవ వేసుకుని మీ సరస్సులకి వస్తున్నారు. మీ గేటు దగ్గరే ఆపెయ్యండి. దణ్ణం పెడతాను. ప్రాణాలు పోతాయి!”

“కంగారు పడకండమ్మా. ఎవరెవరు వస్తున్నారు?”

“మా అక్కా, బావా. ఇద్దరే.”

“ఎవరి ప్రాణానికి ప్రమాదం?”

“మా...”

ఎదురుగా మ్యాపు ఉన్న చోట రెండు కాఫీ కప్పులు మిగిలాయి. బావ కప్పు అడుగున కరగని పంచదార పేరుకుని ఉంది. అక్క కప్పులో కాఫీ మరక తప్ప ఏమీ లేదు.

“చెప్పండమ్మా, ఎవరికి?”

నీలం దారం పొట్లాల్లో ఒక్కదాంట్లోనూ పంచదార లేదు.