జాబితాలో లేని పేరు

గోడకు అంటించిన కాగితాన్ని సిద్ధరాములు రెండుసార్లు చదివాడు. ఐదు పేర్లున్నాయి. తన పేరు లేదు.

కుంఠా నాకా దగ్గరి ఆ టవళ్ల ఫ్యాక్టరీలో కంప్యూటర్ల బాగోగులు చూసేది ఆరుగురు. ఆరుగురికీ వచ్చింది విండోస్ ఒక్కటే. మార్చి ఆఖరుకల్లా సర్వర్లన్నీ లినక్స్‌కు మారిపోతాయి. అది నేర్చుకుని పరీక్ష పాసైనవాళ్లకే ఏప్రిల్ నుంచి పని. ఆ శిక్షణకు ఎంపికైనవాళ్ల జాబితా అది.

"మీ నసీబ్ మంచిగుంది సర్. ఈ ఝంజట్ మీకు తప్పింది," అన్నాడు నిలేష్. మొదటి పేరు అతనిదే.

సిద్ధరాములు సరాసరి మేనేజర్ హరీశ్ గదిలోకి నడిచాడు.

"నా పేరెందుకు లేదు?"

హరీశ్ ఇబ్బందిగా నవ్వాడు. "మీకెందుకు సర్ ఇదంత? ఆరాంగ ఉండుండ్రి."

"నాకు రాదనుకుంటున్నవా?"

"అట్ల కాదు సర్..."

మాట పూర్తికాకముందే తలుపు ధడాలున మూసుకుంది. ఇరవై ఆరేళ్లుగా ఆ యంత్రాలు ఎప్పుడు మొరాయించినా పరుగెత్తుకొచ్చిన మనిషి. అప్పుడే లేనివాడి కింద జమకట్టేశారు!

దాజీ పేట్‌లోని ఇంట్లో పాత కంప్యూటర్ ముందేసుకుని కూర్చున్నాడు. నిలేష్ దగ్గర పుస్తకం అడిగి తెచ్చుకున్నాడు. చేయి అలవాటుగా మౌస్ మీదికే పోయేది. మూడో రోజు దాన్ని పీకి అటక మీద పడేశాడు. పక్కింటి మగ్గాలు దడదడలాడుతుంటే ఒక్కో కమాండూ పైకి చదువుకుంటూ టైపు చేశాడు. ఒకసారి ఏదో తప్పు కొట్టి మొత్తం తుడిచేసుకున్నాడు. మళ్లీ మొదటి నుంచి ఎక్కించాడు.

బీడీలు చుడుతున్న భార్య యశోద చూసి చూసి అంది: "నీకేం అక్కెరయ్యా ఇది? వాళ్లే వద్దంటుండ్రు గదా."

"వద్దన్నరనే నేర్సుకుంటున్న."

పరీక్ష రోజు పిలవకుండానే వెళ్లి, ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. హరీశ్ తెల్లబోయాడు.

"మీరెందుకొచ్చిండ్రు సర్?"

"పేపర్ ఇయ్యి. ఫెయిలైతే అందరు కలిసి నవ్వుండ్రి."

ఎనభై నాలుగు మార్కులొచ్చాయి. నిలేష్‌కు డెబ్బై ఒకటి.

"ఏంది సర్ మీకింత జిద్దు?" అన్నాడు హరీశ్.

"ఈ కుర్చీల నేనున్నన్ని దినాలు నాకు రాని మిషన్ ఈ ఆఫీసుల ఉండొద్దు."

మార్చి ముప్పై ఒకటిన ఆఖరి సర్వర్ మిగిలింది. అన్నిటికంటే పెద్దది. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తనే కూర్చుని మార్చాడు. నాలుగున్నరకు లినక్స్ లేచింది. మగ్గాల షెడ్డులోకి టవళ్ల డిజైన్లు ఒక్కటీ తప్పకుండా వెళ్లాయి. చప్పట్లు మోగాయి. సిద్ధరాములు ఛాతీ విరుచుకుని లేచి నిలబడ్డాడు.

హరీశ్ పూలదండ తెచ్చి ఆయన మెడలో వేసి, జనవరిలోనే తేదీ ఖాయమైన సిద్ధరాములు రిటైర్మెంట్ సభను మొదలుపెట్టాడు.