పెట్టేశాడా, ఇచ్చాడా?

"పెట్టేశాడు."

"మీ మొహం. కూతురి చేతికిచ్చాడు."

"నాకా చెబుతున్నావు? రాంగ్ నంబర్ అని ఠపీమని పెట్టేశాడు. శుభం కార్డు పడింది. జనం లేచి వెళ్లిపోయారు."

ఆరిన బట్టలు మడత పెడుతున్న కోడలికి నవ్వొచ్చింది. అత్తామామల తగువుకి మూలం టీవీలో వస్తున్న పాత పాట. పాతికేళ్ల పైమాట ఆ సినిమా. అప్పట్లో ఆ పాట మోగని ఆటో ఉండేది కాదట. ఆ హీరోయిన్ పెట్టుకున్న జడక్లిప్పు కోసం ఆడపిల్లలు ఇళ్లలో అలకలు పూనేవారట. కథేమిటంటే, పాటలు పాడే పిల్లకి పెద్ద ఊళ్లో అవకాశం వస్తుంది. తండ్రి ససేమిరా అంటాడు. ఆఖర్లో ఇంట్లో ల్యాండ్‌లైన్ మోగుతుంది, అవతల క్యాసెట్ల కంపెనీ వాళ్లు. తండ్రే ఎత్తుతాడు. ఎత్తి ఏం చేశాడన్నదే గొడవ.

కోడలి నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఆమె కథా ఇంచుమించు అదే. పొరుగూరి ఆస్పత్రి ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. వారమంతా అక్కడుండి ఆదివారం ఇంటికి రావాలి. చేరేదీ లేనిదీ రేపటిలోగా చెప్పాలి. భర్త సరేనన్నాడు. మామగారే, పోయిన వారం చుట్టాలందరూ కూర్చుని ఉండగా, "కుదరదు" అనేశారు. ఆయనది ఎలక్ట్రిక్ సామాన్ల కొట్టు. ఒకసారి ధర చెప్పాక బ్రహ్మ దిగొచ్చినా తగ్గించడని బజారంతా పేరు.

"ఎందుకొచ్చిన వాదన? పందెం వేసుకుందాం," అన్నారు మామగారు. "సినిమా పెట్టించు. నేను గెలిస్తే ఈ జన్మలో నా మాటకి ఎదురు చెప్పకూడదు."

"ఈ జన్మకే కదా? వచ్చే జన్మకి వేరే సంబంధం చూసుకున్నాన్లెండి. మరి నేను గెలిస్తే?"

"నువ్వేదంటే అది."

అత్తగారు ఆయన ముఖంలోకి ఒక్క క్షణం తేరిపార చూశారు.

"అయితే పిల్ల ఉద్యోగానికి వెళ్తుంది."

కోడలి చేతిలోని చొక్కా జారి కింద పడింది.

"వెళ్తుంది. మాటంటే మాటే," అన్నారు మామగారు, తడుముకోకుండా.

సోఫాలో ఫోను చూసుకుంటున్న భర్త తలెత్తాడు. "అదేంటి నాన్నా, నువ్వు..."

"ఒరేయ్, నువ్వెళ్లి నాకు మంచినీళ్లు పట్రా," అన్నారు అత్తగారు. వెళ్లి తెచ్చి, మళ్లీ ఫోనులో తల దూర్చాడు.

కోడలు నెట్‌లో వెతికి సినిమా పెట్టింది. మామగారు కిటికీ తెరలన్నీ బిగించి, లైట్లార్పి, అందరికీ వెనక కుర్చీ వేసుకున్నారు.

"మనుషుల తలలు కోసేశారు చూడు. బొమ్మ పైనంతా తెగిపోయింది," అని మొదలుపెట్టారు.

"తలల సంగతి తర్వాత. ముందు కూర్చోండి," అన్నారు అత్తగారు.

తెర మీద హీరో భుజాలకి స్వెట్టరు ముడేసుకుని, నడుముకి పేజరు తగిలించుకుని, మండుటెండలో పాడుతున్నాడు.

"ఆ ప్యాంటు చూడండత్తయ్యా! ఇద్దరు పడతారు అందులో."

"మీ మామయ్యా అలాంటివే కుట్టించుకున్నారు. గాలొచ్చిందంటే ఈయనకంటే ముందు ప్యాంటు వెళ్లిపోయేది."

"నా ప్యాంట్ల జోలికి రావద్దు," అంది వెనకనుంచి గొంతు. విశ్రాంతి కార్డు పడకముందే ఆయన లేచి వెళ్లి లైటు వేశారు.

రెండో సగంలో కోడలికి పాటలు చెవికెక్కలేదు. తన బతుకు పాతికేళ్ల నాటి ఒక ఫోను మీద వేలాడుతోంది. అత్తగారు పొరబడి ఉంటే? మామగారు అంత ఢంకా బజాయించి చెబుతున్నారాయె.

ఫోను మోగింది. తెర మీద తండ్రి ఎత్తాడు. అవతలి మాట విన్నాడు. రిసీవరు కిందికి దించాడు. కోడలు కళ్లు మూసుకుంది.

"అమ్మాయ్, నీకే," అన్న మాట వినబడి కళ్లు తెరిచింది. ఆ తండ్రి రిసీవరుని చొక్కా అంచుతో తుడిచి మరీ కూతురికి అందిస్తున్నాడు.

అత్తగారు చప్పట్లు కొట్టారు.

"ఈ నెట్‌వాళ్లు ఏదో మార్చేసి ఉంటారు," గొణిగారు మామగారు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది."

రాత్రి నలుగురూ భోజనానికి కూర్చున్నారు. మామగారు రెండు ముద్దలు తిని గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయ్, పొద్దున్నే ఆస్పత్రికి ఫోన్ చేసి చేరతానని చెప్పు. పందెంలో ఓడిపోయాను, ఏం చేస్తాం. చుట్టాలు అడిగినా అదే చెబుతాను. వాళ్లు నవ్వితే మీ అత్తయ్యని చూసి నవ్వమను."

ఇంకెవరికీ మాట్లాడే అవకాశం ఇవ్వకుండా గబగబా ముగించి, చెయ్యి కడుక్కోవడానికి లేచారు. భర్త తల వంచుకుని నవ్వుతున్నాడు. కోడలు కళ్లు తుడుచుకుని అత్తగారి వైపు వంగింది.

"మీ జ్ఞాపకశక్తికి దణ్ణం అత్తయ్యా. మామయ్యగారు అంత గట్టిగా ఎలా పొరబడ్డారో గానీ, నా అదృష్టం."

లోపల కుళాయి చప్పుడు ఇంకా వినిపిస్తోందో లేదో చూసుకుని, అత్తగారు గొంతు తగ్గించారు.

"అప్పట్లో మన ఊరి టాకీసులో ఆ సినిమా వంద రోజులూ ఆడించిన ఆపరేటరు మీ మామయ్యేనే, పిచ్చిపిల్లా."