అలాంటి వీధి లేదు

"థూ! ఇది ప్రోగ్రామా, అతుకుల బొంతా?"

రదోస్తీనా కుర్చీని విసురుగా వెనక్కి తోసింది. ఆ పట్నంలో అంబులెన్సులను నడిపించే పాత ప్రోగ్రాం ఆమె ఎదుట తెర మీద ఉంది. ఎవరైనా ఫోన్ చేసి వీధి పేరు చెబితే బండి ఎటు వెళ్లాలో చూపించడం దాని పని. ఏళ్ల తరబడి అతుకు మీద అతుకు వేసి దాన్ని బతికించుకుంటూ వచ్చినవాడు అక్కడి ముసలి ఉద్యోగి స్పాస్. ఇక ఆ పీడ వదిలించుకుందామని, మొదటి నుంచి కొత్తగా రాయమని అంబులెన్సు కేంద్రం డైరెక్టరు రదోస్తీనాను పెట్టుకున్నాడు. ఆ సాయంత్రమే కొత్తదాని ప్రారంభం.

"ఇదేంటి స్పాస్ బాబాయ్? కమ్యూనిస్టుల పాలన పోయి ఇన్నేళ్లయింది, వాళ్లు పెట్టిన వీధి పేర్లు ఇంకా ఇందులో ఏడుస్తున్నాయి! ఒక్కో వీధికి రెండేసి, మూడేసి పేర్లు. చూస్తుంటేనే రోత."

"పేర్లు మార్చింది మునిసిపాలిటీ. జనం నోళ్లు ఎవరు మార్చారు తల్లీ? చింత చచ్చినా పులుపు చావదు. అందులో ఒక్కో పేరూ ఏదో ఒకనాడు బండి ఆలస్యమయ్యాక నేను ఎక్కించిందే. కొత్తదాంట్లో కూడా వాటిని ఉండనియ్యి."

"నా ప్రోగ్రాంలో ఈ కుళ్లా? ఛీ! వీధికి ఒకటే పేరు, బోర్డు మీద ఉన్నదే. ఇంకోటి చెబితే 'అలాంటి వీధి లేదు' అని వస్తుంది. దెబ్బకి జనమే నేర్చుకుంటారు."

"గుండె పట్టుకుని పడిపోయినవాడు బోర్డు చదవడానికి బయటికొస్తాడా? బండి వెళ్లకపోతే మనిషి పోతాడు అమ్మాయ్. ఇల్లు పీకి పందిరి వేస్తున్నావు."

"పందిరైనా శుభ్రంగా ఉంటుంది."

పాత వివరాలతో పాటు కొత్తదాంట్లోకి వచ్చి చేరిన ఆ పేర్లన్నిటినీ, చచ్చిన ఎలుకను చీపురుతో బయటికి నెట్టినట్టు, ముక్కు చిట్లించుకుంటూ తుడిచేసింది. తర్వాత వెళ్లి చేతులు కడుక్కుంది కూడా. నిజంగానే అంత అసహ్యం ఆమెకు.

సాయంత్రం కొత్తది పని మొదలుపెట్టింది. తెల్లటి తెర, ముద్దొచ్చే అక్షరాలు. డైరెక్టరు పక్క గదిలో రాకియా అనే పళ్ల సారా సీసా తెరిచి అందరికీ పోశాడు.

"అమ్మయ్య, ఆ ముసలి బొంత పీడ విరగడయింది! రదోస్తీనా, రాత్రికి మా ఇంట్లోనే నీ భోజనం."

"ఇవాళ వద్దు సార్. అమ్మ జున్ను పెట్టి బానిత్సా రొట్టె చేస్తానంది. ఇటు నుంచి తిన్నగా పర్తిజాన్‌స్కా వీధిలో మా ఇంటికే పోతాను."

స్పాస్ పగలబడి నవ్వాడు. ఎందుకు నవ్వాడో ఆమెకు అర్థం కాలేదు. అతని గార పళ్లు చూసి మొహం తిప్పుకుంది.

అంతలో ఫోన్లు తీసే గింకా తలుపులోంచి తొంగి చూసింది. ఆ పిల్ల వేరే ఊరి నుంచి ఈ మధ్యే వచ్చింది.

"మేడమ్, ఎవరో ముసలావిడ. ఊపిరాడటం లేదట. వీధి పేరు చెబుతోంది గానీ మిషనేమో అలాంటి వీధి లేదంటోంది."

"పాత పేరు చెబుతున్నట్టుంది. కొత్తది చెప్పమను."

"గుర్తు రావట్లేదట మేడమ్. ఏడుస్తోంది."

"ఛీ, వీళ్లకి ఎన్నాళ్లు చెప్పాలి! బుర్ర గోక్కుని గుర్తు తెచ్చుకోమను. ఇవాళ ఒకరికి చనువిస్తే రేపు ఊరంతా నెత్తికెక్కుతుంది."

డైరెక్టరు మెచ్చుకోలుగా తల ఆడించి ఆమె గ్లాసు నింపాడు. గింకా వెళ్లింది. కాసేపటికే తిరిగి వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చెప్పాను మేడమ్. లైన్లోనే ఉంది గానీ ఇప్పుడు పలకడం లేదు."

స్పాస్ గ్లాసు పక్కన పెట్టి లేచాడు.

"ఏ వీధి అందే పిల్లా?"

"పర్తిజాన్‌స్కా."