గీత లోపలి అడుగు

విజిల్ ఊదేశాక గానీ రిఫరీకి తెలియలేదు, తను పట్టుకున్న తప్పు సొంత కూతురిదని. ఆయన చూస్తున్నది కాళ్ళనే మరి!

అమ్మాయిల బాస్కెట్‌బాల్ ఫైనల్లో స్కోరు సమానం. ఆట ముగియడానికి రెండు సెకన్లున్నాయి. ఎర్ర జట్టు అమ్మాయి ఫ్రీ త్రో వేస్తుంటే, బంతి ఆమె చేతిని వదలకముందే నీలం జట్టులో ఉన్న కూతురు నేల మీది గీత దాటి లోపలికి అడుగేసింది. బంతి రింగులో పడి ఉంటే ఆ అడుగు లెక్కలోకి రాదు. అంచుకు తగిలి బయటపడింది కాబట్టి మళ్ళీ వేయించాలి.

నీలం జట్టు కోచ్ ఒంటికాలి మీద లేచాడు. "సార్! అంతమంది నిలబడితే మీ పిల్ల కాలే కనబడిందా?"

"కనబడింది కాబట్టే ఊదాను."

"పొరపాటున ఊదానని ఒక్కమాటనండి చాలు. ఎవరడుగుతారు?"

"నేనడుగుతాను. పక్కకి జరగండి."

ఈ కప్పు కోసం తన బంగారుతల్లి ఎంత ఒళ్ళు హూనం చేసుకుందో ఆయనకు తెలియదా? కానీ బంతి పట్టుకుని బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ ఆ ఎర్రచొక్కా పిల్ల మాత్రం ఓ నాన్న కూతురు కాదా!

ఈసారి బంతి నేరుగా వలలో పడింది. మిగిలిన రెండు సెకన్లూ చిటికెలో అయిపోయాయి. ఓడిపోయిన నీలం జట్టులో కూతురితో ఒక్కరూ మాట్లాడలేదు.

కూతుర్ని స్కూటర్ వెనక ఎక్కించుకుని ఇంటికి బయల్దేరాడు. దారిలో ఇక ఉండబట్టలేకపోయాడు.

"నామీద కోపమామ్మా?"

"లేదు నాన్నా."

"ఎప్పుడూ గీత తొక్కనిదానివి, ఇవాళ అంత తొందరెందుకే నీకు?"

"తొందరేం కాదు. ఆ అమ్మాయి గురి చూస్తున్నంతసేపూ మా కెప్టెన్ పక్కనుంచి వాళ్ళమ్మని తిడుతూనే ఉంది. అలా మాటలతో చెదరగొట్టినా మళ్ళీ వేయించాలిగా?"

ఆయన స్కూటర్ ఆపేశాడు. "వేయించాలి. అయ్యో, నాకు వినపడలేదే!"

"ఆ గోలలో నీకెలా వినపడుతుంది నాన్నా? అందుకే, కనపడేలా కాలు పెట్టా."