ఏరివేసిన ఊపిరి

ఆ రాత్రి ఎడిటింగ్ గదిలో మొదట రేడియో కేంద్రం అధికారిగారు, తరువాత కంప్యూటర్ ముందు మేము చెవులమ్మ అని పిలిచే ఎడిటరు, చివరి కుర్చీలో విశ్రాంత అనౌన్సరునైన నేను ఆసీనులమై ఉన్నాము. తెల్లవారితే ప్రసారం కావలసినది, ఇటీవలే కాలం చేసిన నా తమ్ముడి చివరి ప్రసంగం.

చెవులమ్మ వాడి ఊపిరి చప్పుళ్లను ఏరి వేరే ట్రాకులో పెట్టింది. "పాపం, ఆయాసపడుతూ చదివారు బాబాయ్‌గారూ. ఇవి తీసేస్తే గొంతు కడిగిన ముత్యమే."

ఏరినవి మాత్రమే వినిపించమన్నాను. నాకు మిగిలినవి అవే. ట్రాకు ముగిసింది; తెరమీద గీత చదునైంది. ఊపిరి మాత్రం ఆగలేదు.

"స్పీకర్ ఆపమ్మా," అన్నారు అధికారిగారు.

"ఎప్పుడో ఆపేశానండీ."

అప్పుడు స్పష్టంగా వినిపించింది: "అన్నయ్యా, కాసిని మంచినీళ్లు."

నేను లేచి నిలబడ్డాను. "వాడు అడుగుతున్నాడు. దాన్ని ఉండనివ్వండి."

"పోయినవాళ్ల ఆయాసం కూడా మనమే మోయాలా మాస్టారూ?" అంటూ అధికారిగారు చెయ్యి చాపి ఆ ట్రాకును తుడిచివేశారు.

గదిలో ఊపిరి చప్పుడన్నదే లేకుండా పోయింది. మా ముగ్గురిదీ కూడా వినిపించలేదు.

అడిగిన నీళ్లు అందకముందే నా తమ్ముడి నోరు మూసిన ఘనత అధికారిగారి స్వహస్తానికే చెందుతుందని ఇందుమూలముగా సవినయంగా గుర్తిస్తున్నాను.